జార్జి హెవెషీ చరిత్రము

మహనీయుల చరిత్రములను వ్రాయబూనినపుడు రాజ్యములను నడిపినవారిని, యుద్ధములు గెలిచినవారిని, దూరదేశములకు పోయి దీనులను సేవించినవారిని ఎన్నుకొనుట పరిపాటి. ఈ యేడు మేము ఒక రసాయన శాస్త్రజ్ఞుని చరిత్రమును వ్రాయ సంకల్పించితిమి. దీనికి కారణమొకటి కలదు. మన విద్యార్థుల ఇండ్లలో ఎవరికైన జబ్బుచేసి పెద్ద ఆసుపత్రికి పోయినపుడు, వైద్యులు ఒక్కొక్కసారి రేడియోధార్మిక పదార్థమును సూదిద్వారా ఎక్కించి స్కాన్ తీయవలెననియు, కంఠమునందలి థైరాయిడ్ గ్రంథికి రేడియోధార్మిక అయోడిన్ పుచ్చుకొనవలెననియు చెప్పుట కలదు. ఆ మాట వినగానే గుండె జల్లుమనని వారు అరుదు. హిరోషిమా, నాగసాకి పట్టణముల వార్త విన్న లోకము అట్లు భయపడుటలో వింత యేమున్నది? పెద్ద మోతాదున మందు పుచ్చుకొన్న తల్లి కొన్ని దినములు పసిబిడ్డను ఎత్తుకొనరాదని చెప్పినపుడు ఆ భయము మఱింత హెచ్చును. అట్టి పదార్థమును ప్రాణముగల దేహములోనికి పంపి, దాని వెంట చూపు నిలిపి, లోపలి సంగతులను తెలిసికొనవచ్చునని మొట్టమొదట చేసి చూపినవాడు ఈ హెవెషీయే.

ఆయన 1885వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన హంగేరీ దేశపు ముఖ్యనగరమగు బుడాపెస్టులో జన్మించెను. తలిదండ్రులు కలిగినవారు. యూదు వంశమునుండి రోమన్ కథోలిక మతమును స్వీకరించిన కుటుంబమది. ఎనమండ్రు బిడ్డలలో ఈయన ఐదవవాడు. పియారిస్టులను కథోలిక సన్యాసులు నడపు ఉన్నత పాఠశాలలో చదువు ముగించి, బుడాపెస్టు, బెర్లిన్ నగరములలో కొంతకాలము చదివి, 1908లో జర్మనీ యందలి ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొందెను. పిదప స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమునను, తరువాత జర్మనీలో కార్ల్స్‌రూహెలో హేబర్ పండితునికడను పనిచేసి, 1911లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరము చేరెను. అచ్చట రూథర్‌ఫర్డ్ మహాశయుడు పరమాణువు యొక్క అంతర్నిర్మాణమును పరిశోధించుచుండిన దినములవి.

రూథర్‌ఫర్డుకడ ఆస్ట్రియా ప్రభుత్వమువారు పంపిన సీసము కొన్నివందల కిలోగ్రాములు ఉండెను. బొహీమియాలోని యోహిమ్‌స్టాల్ గనులలో దొరకు పిచ్‌బ్లెండు ఖనిజమునుండి రేడియమును తీయగా మిగిలిన సీసమది. దానిలో రేడియం డి అను రేడియోధార్మిక పదార్థము కలిసియుండెను. పరిశోధనలకు అది ఎంతో అవసరము. కాని అంత సీసములో మునిగియుండుటచేత అది ఎందుకును కొఱగాకపోయెను. ఆ సీసమునుండి రేడియం డిని వేఱుచేసి ఇమ్మని రూథర్‌ఫర్డు ఈ యువకునికి పని ఒప్పగించెను. హెవెషీ రసాయన శాస్త్రమున తనకు తెలిసిన ఉపాయములన్నిటిని ప్రయోగించెను. కరగించెను, వడబోసెను, స్ఫటికములుగా కట్టించెను, విద్యుత్తును పంపెను. దాదాపు రెండు సంవత్సరములు శ్రమించినను రవంతయు వేఱుపడలేదు. సీసము ఎచ్చటికి పోయిన రేడియం డియు అచ్చటికే పోయెను.

దీనికి కారణము తరువాత తెలియవచ్చినది. రేడియం డి మఱియొక పదార్థము కాదు, అదియు సీసమే. ఒకే మూలపదార్థమునకు చెందియు, బరువులో మాత్రము భేదించు పరమాణువులు కలవని 1913లో సాడీ పండితుడు స్పష్టపఱచి వానికి ఐసోటోపులని పేరు పెట్టెను. ఐసోటోపులకు రసాయన గుణములు ఒక్కటే గనుక రసాయన ప్రక్రియలచే హెవెషీ వానిని విడదీయలేకపోయెను.

ఇట్టి పరాభవము కలిగినపుడు మనలో పెక్కుమంది ఆ పనిని వదలి వేఱొక పనికి పోదుము. హెవెషీ ఆ పరాభవమునే తలక్రిందు చేసి చూచెను. ఇది సీసమును ఎన్నడును విడువనిదైనచో, దీనిని కొంచెము తెలిసి తెలిసి మామూలు సీసములో కలిపిన నేమి? అపుడు సీసము పోవు చోటెల్ల ఇది పోవును. ఇది వెలువరించు కిరణములు సీసమున్న చోటును చెప్పును. మన చాకలివారు జీడిగింజ రసముతో బట్టకు చిన్న గుర్తు పెట్టుట మనము ఎఱుగుదుము. ఆ బట్ట నూఱిండ్ల బట్టలలో కలిసి చెఱువునకు పోయినను గుర్తును బట్టి యజమానుని ఇల్లు చేరును. గుర్తు పెట్టుటచేత బట్ట నేతయు మాఱదు, ఉతుకును మాఱదు. హెవెషీ పరమాణువులకు పెట్టదలచిన గుర్తు ఇట్టిది.

ఈ సందర్భమున ఒక కథను చెప్పుట వాడుక. మాంచెస్టరులో ఆయన బసచేసిన ఇంటి యజమానురాలు ఆదివారమునాడు మిగిలిన మాంసమునే వారమంతయు రూపములు మార్చి వడ్డించుచున్నదని ఆయనకు అనుమానము కలిగెను. అడుగగా ఆమె ఒప్పుకొనలేదు. అంతట ఒక ఆదివారము ఆయన పళ్లెములో విడిచిన మాంసముపై రవంత రేడియోధార్మిక పదార్థమును చల్లి, కొన్ని దినములు గడచిన పిమ్మట ఒక విద్యుద్దర్శినిని ఇంటికి తెచ్చి, ఆ పూట వడ్డించిన వంటకముకడ ఉంచెను. యంత్రము లోపలి సంగతిని బయటపెట్టెను! ఇది నవ్వుపుట్టించు కథయే గాని, ఇతరులు తిను భోజనములో వారికి తెలియకుండ ఏ పదార్థమును కలుపుట తగదని మా విద్యార్థులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కాలమున ఆ పదార్థముల అపాయము పూర్తిగ తెలియదు.

1913 ఆరంభమున హెవెషీ వియన్నా నగరమునకు పోయి అచ్చటి రేడియం పరిశోధనాలయములో పానెత్ అను పండితుని కలిసికొనెను. పానెత్ కూడ రేడియం డిని వేఱుచేయబోయి విఫలుడైనవాడే. ఓడిన వారిద్దఱును కలిసి, నీటిలో దాదాపు కరగనివని పేరుపడిన సీసపు లవణములు నిజముగా ఎంతమాత్రము కరగునో ఈ గుర్తుచేత కొలిచిరి. ఏ త్రాసునకును అందని స్వల్ప పరిమాణములు కిరణముల మూలమున లెక్కకు వచ్చెను. ఇదియే ఈ విద్యకు ప్రారంభము. మఱుసటి యేడు ఐరోపాలో మహాయుద్ధము వచ్చెను. హెవెషీ సైన్యమున పనిచేయవలసివచ్చెను. యుద్ధానంతరము హంగేరీలో సంభవించిన విప్లవములలో ఆయన విశ్వవిద్యాలయ పదవియు పోయెను. 1920లో ఆయన డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌కు పోయి నీల్స్ బోరు పండితుని పరిశోధనాలయమును ఆశ్రయించెను. అచ్చటనే కోస్టరు అను డచ్చి పండితునితో కలిసి 72వ మూలపదార్థమును కనుగొని 1923లో ప్రకటించెను. ఆ నగరపు లాటిన్ నామమగు హాఫ్నియా పేరిట దానికి హాఫ్నియమని పేరిడిరి. ఇంకొకరైనచో ఈ ఒక్క కార్యముతో పేరు గడించి సంతసించియుందురు.

మాకు మాత్రము అదే సంవత్సరమున ఆయన చేసిన మఱియొక చిన్న పని ఎక్కువ ముఖ్యముగ తోచుచున్నది. చిక్కుడు జాతికి చెందిన మొక్కలను తెచ్చి, గుర్తుగల సీసపు లవణము కలిపిన నీటిలో వాని వేళ్లను ఉంచెను. కొన్ని గంటలైన పిమ్మట వేళ్లను, కాండమును, ఆకులను వేఱువేఱుగ కాల్చి ఆ బూడిదలను పరీక్షించెను. సీసములో హెచ్చుభాగము వేళ్లలోనే నిలిచెను. ఆకులకు పోయినది మిక్కిలి కొంచెము. అంతవఱకు గాజుపాత్రలలో జరిగిన ఈ గుర్తు విద్య ఆ మొక్కలతో ప్రాణులలోనికి ప్రవేశించెను. నాటి వైద్యులు కొన్ని వ్యాధులకు బిస్మత్ లవణములను సూదులతో ఎక్కించుచుండిరి. అవి దేహములో ఏమగుచున్నవో ఎవరికిని సరిగ తెలియదు. 1924లో ఆయన ఇద్దఱు డేనిష్ సహచరులతో కలిసి గుర్తుగల బిస్మత్తును కుందేళ్లకు ఎక్కించి దాని ప్రయాణమును పరిశీలించెను. ఆ యేటనే ఆయన పియా రీస్ అను డేనిష్ కన్యను వివాహమాడెను. వారికి నలుగురు బిడ్డలు కలిగిరి.

అయినను ఇక్కడ ఒక అడ్డు ఉండెను. ప్రకృతిలో దొరకు రేడియోధార్మిక పదార్థములు సీసము, బిస్మత్, రేడియము వంటి బరువైనవి. ఇవి దేహమునకు అక్కఱలేనివి సరిగదా, విషములు. ఎముకకు కావలసినది భాస్వరము, కంఠగ్రంథికి కావలసినది అయోడిన్. వీనికి గుర్తు పెట్టు మార్గమేది? హెవెషీ పదేండ్లు దీనికై నిరీక్షింపవలసివచ్చెను. 1926లో ఫ్రైబర్గులో ఆచార్యపదవిని స్వీకరించి అచ్చట పనిచేయుచుండగా, 1933లో నాజీలు జర్మనీని వశపఱచుకొనిరి. యూదు వంశీయులగు పండితులను విశ్వవిద్యాలయములనుండి వెళ్లగొట్టసాగిరి. 1934లో ఆయన ఆ పదవిని విడిచి మఱల కోపెన్‌హేగన్‌కు వచ్చెను. మాతృదేశమును విడిచినది మొదలు ఇది రెండవసారి ఇల్లు విడుచుట.

ఆ 1934వ సంవత్సరారంభముననే పారిస్ నగరములో మేరీ క్యూరీ కుమార్తెయగు ఇరేన్, ఆమె భర్త ఫ్రెడరిక్ జోలియో అనువారు మామూలు పదార్థములను రేడియోధార్మికములుగా మార్చవచ్చునని కనుగొనిరి. అల్యూమినియముపై కిరణములను పడవేయగా రేడియోధార్మిక భాస్వరము పుట్టెను. వృద్ధురాలగు తల్లి కన్నుమూయుటకు కొన్ని నెలలు ముందుగ ఆ ఫలితమును చూచెను. ఇక ఏ పదార్థమునకైనను గుర్తు పెట్టవచ్చునను ఆశ కలిగెను. హెవెషీ రేడియమును, బెరిలియమును కలిపి, అందుండి వెలువడు న్యూట్రానులను గంధకము గల ద్రవముపై ప్రయోగించి, దాదాపు 14 దినములలో సగము శక్తి తఱుగు భాస్వరమును సంపాదించెను. 1935లో బోరు పండితుని ఏబదవ జన్మదినమునకు డేనిష్ ప్రజలు చందాలు వేసి 600 మిల్లీగ్రాముల రేడియమును కొని కానుకగ ఇచ్చిరి. ఈ పనులకు అది మిక్కిలి తోడ్పడెను. ఒక శాస్త్రజ్ఞునికి దేశప్రజలు ఇట్టి కానుక నిచ్చుట చదివినపుడు మాకు ఆ చిన్న దేశముపై గౌరవము హెచ్చినది.

ఈ భాస్వరమును కీవిట్జ్ అను వైద్యునితో కలిసి హెవెషీ ఎలుకలకు ఆహారముతో పెట్టి చూచెను. నాటివఱకు ఎల్లరును ఎముకను గోడవంటిదని తలచుచుండిరి. ఒకసారి కట్టిన తరువాత అది అట్లే నిలుచునని వారి భావము. పెరుగుట నిలిచిన ఎలుకల ఎముకలలో కూడ గుర్తుగల భాస్వరము కానవచ్చెను. కాలము గడచినకొలది అది తొలగి, దాని స్థానమున క్రొత్తది వచ్చుచుండెను. అనగా ఎముక గోడవలె నిలిచియుండక, ఎప్పటికప్పుడు నీరు మాఱు ఏటివలె ఉన్నది. రూపము అట్లే యుండగా లోపలి సరకు మాఱుచునే యుండును. అంతకు ముందే 1934లో హోఫర్ అను సహచరునితో కలిసి భారజలమను నీటిచేత మనుష్య దేహమందలి నీరు ఎంతకాలము నిలుచునో కూడ కొలిచిచూచెను. సుమారు పది దినములలో సగము నీరు మాఱిపోవునని తేలెను. ఈ భారజలము రేడియోధార్మికము కాదు, బరువుచేత మాత్రము గుర్తింపదగినది. మన దేహము నిన్నటి దేహము కాదని వేదాంతులు చెప్పగా వినియున్నాము. దానిని తూచి, లెక్కకట్టి చూపిన వాడు ఈయన.

ఇక్కడ మేము తల్లిదండ్రులకు ఒక సంగతి విన్నవించుకొందుము. గుర్తు ఎంత స్వల్పముగ నున్న అంత మంచిదను నియమము ఈ విద్యలో మొదటినుండి కలదు. దేహపు పనిని గుర్తు చెఱపినచో, కనబడునది దేహపు సహజస్థితి కాదు, గుర్తు చేసిన చెఱుపు. రోగమును కనుగొనుటకు నేడు వాడు మోతాదులు అందుచేతనే స్వల్పములు. రోగమును కుదుర్చుటకు ఇచ్చు మోతాదు వేఱు. అది చెడిన కణములను చంపుటకే ఉద్దేశింపబడినది గనుక పెద్దది. ఈ భేదము తెలియక రెండింటిని ఒకటిగ తలచి భయపడువారు పెక్కురు. అయినను వారి భయమును మేము పరిహసింపము. 1920 ప్రాంతమున అమెరికాలో గడియారపు అంకెలపై రేడియం రంగు పూయు కర్మాగారములలో పనిచేసిన యువతులు కుంచె మొనను పెదవులతో సన్నము చేసికొనుచు, ఆ విషమును మ్రింగి, దవడ ఎముకలు కుళ్లి మరణించిరి. అపాయము లేదని వారికి చెప్పిన పెద్దలున్నారు. రేడియోధార్మిక పదార్థము మనుష్యునికి స్నేహితుడును కాదు, శత్రువును కాదు. ఎంత ఇచ్చిరి, ఎచ్చటికి పోవును, ఎన్ని దినములుండును అను మూడు ప్రశ్నలకు ఉత్తరము తెలిసినవాని చేతిలో అది మందు.

1940 ఏప్రిల్ 9వ తేదీన జర్మను సేనలు డెన్మార్కులో ప్రవేశించెను. బోరు పరిశోధనాలయములో ఇద్దఱు జర్మను పండితుల నోబెల్ బంగారు పతకములు దాచియుండెను. అవి మాక్స్ ఫాన్ లావే, జేమ్స్ ఫ్రాంక్ అనువారివి. ఇరువురును నాజీలకు గిట్టనివారు. బంగారమును దేశము దాటించుట జర్మనీలో ఘోరమైన నేరము. పతకములపైన వారి పేర్లు స్పష్టముగ చెక్కబడియుండెను. అవి శత్రువులకు చిక్కినచో జర్మనీలోనే యున్న లావే ప్రాణమునకే ముప్పు. భూమిలో పాతిపెట్టుదమని హెవెషీ అనగా, త్రవ్వి తీయుదురేమోయని బోరు సమ్మతింపలేదు. సేనలు వీధులలో నడచుచుండగా హెవెషీ నత్రికామ్లమును, ఉదజహరికామ్లమును కలిపిన ద్రవరాజములో పతకములను వేసి కరగింపసాగెను. బంగారము త్వరగ కరగునది కాదు. ఆ పని మిక్కిలి నిదానముగ సాగెను. చివరకు నారింజరంగు ద్రవముగల సీసా ఒకటి ఇతర సీసాల నడుమ అలమారలో నిలిచెను. సైనికులు వచ్చి వెదకిరి, ఆ సీసాను ముట్టలేదు. యుద్ధము ముగిసిన పిమ్మట చూడగా అది ఉన్నచోటనే యుండెను. అందలి బంగారమును మఱల వేఱుచేసి 1950లో స్వీడనునకు పంపగా, నోబెల్ సంస్థవారు క్రొత్త పతకములు పోయించి ఇచ్చిరి. సీసమునుండి రేడియం డిని తీయలేకపోయిన వానికి ఆమ్లములో దాచిన బంగారము మాత్రము మఱల దక్కెను!

1943లో డెన్మార్కులో యూదులకు ప్రాణాపాయము హెచ్చగా ఆయన స్వీడనుకు పోయి స్టాక్‌హోమ్‌లో నిలిచెను. రసాయన శాస్త్రమున 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానమును 1944లో ఆయనకు ఇచ్చిరి. ఐసోటోపులను గుర్తులుగ వాడినందులకే ఆ సన్మానము. తరువాత ఆయన స్వీడను పౌరుడాయెను.

హెవెషీ వైద్యుడు కాడు; ఏ రోగికిని మందియ్యలేదు. ఆయన చూపిన త్రోవను వైద్యులు పట్టుకొనిరి. అమెరికాలోని బర్క్‌లీ నగరములో జాన్ లారెన్స్ అను వైద్యుడు రేడియోధార్మిక భాస్వరమును ల్యుకేమియా రోగికి ఇచ్చెను. ఆశించినంత మేలు ఆ రోగమున కలుగలేదుగాని, ఎఱ్ఱ రక్తకణములు మితిమీఱి పెరుగు మఱియొక వ్యాధిలో ఆ మందు చాలకాలము ఉపయోగపడెను. 1941లో బోస్టన్ నగరమున సాల్ హెర్ట్జ్ అను వైద్యుడు థైరాయిడ్ గ్రంథి మితిమీఱి పనిచేయు రోగులకు రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చెను. ఆ గ్రంథి అయోడిన్‌ను తనంతట తానే లాగికొనును గనుక, మందు మిగిలిన అవయవములను చాలవఱకు విడిచి తన చోటికి తానే పోవును. శస్త్రచికిత్స లేకయే గ్రంథి అణగును. 1946 నుండి అణురియాక్టరులలో తయారైన ఐసోటోపులు ఆసుపత్రులకు పంపబడసాగెను. మన దేశమున 1956లో ట్రాంబేలో అప్సర యను రియాక్టరు పనిచేయ మొదలిడెను. 1963లో బొంబాయిలో ఈ వైద్యమునకే ప్రత్యేక కేంద్రము వెలసెను. నేడు హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగు చోట్ల గల పెద్ద ఆసుపత్రులలో ఈ విభాగములు కలవు. అచ్చట ఎక్కువగ వాడు టెక్నీషియము ఆఱు గంటలలో సగము తఱుగును. ఉదయము పుచ్చుకొన్నది మఱునాటి ఉదయమునకు పదునాఱవ వంతు మాత్రము మిగులును. థైరాయిడ్‌కు ఇచ్చు అయోడిన్‌కు ఎనిమిది దినములు పట్టును. తల్లి బిడ్డను ఎత్తుకొనక ఓర్చుకొనవలసిన దినములు ఈ లెక్కనుండియే వచ్చినవి.

వార్ధక్యములో కూడ హెవెషీ పని మానలేదు. 1948లో ఈ విషయమై పెద్ద గ్రంథమును ప్రకటించెను. 1949లో ఇంగ్లండునందలి రాయల్ సొసైటీవారు కోప్లీ పతకమును, తరువాత అమెరికాలో శాంతికై అణువులు అను బహుమానమును ఆయనకు ఇచ్చిరి. 1966 జూలై 5వ తేదీన తాను డాక్టరు పట్టమును పొందిన ఫ్రైబర్గు నగరముననే, 80 ఏండ్ల వయసున ఆయన పరమపదించెను. అచ్చటనే సమాధి చేసిరి. తరువాత ఆయన అవశేషములను బుడాపెస్టుకు తెచ్చి, పుట్టిన ఊరి మట్టిలో ఉంచిరి.